పరభాషా పదపరిచయము: 'సారీ'



గతమాసమున మేము 'థాంక్స్' అను పదమును గూర్చి ముచ్చటించితిమి. దానికి తోబుట్టువు వంటిదైన 'సారీ'ని గూర్చి కూడ వ్రాయుడని పలువురు సోదరీమణులు కోరియున్నారు. వారు కోరకున్నను ఈ మాసమున దీనినే వ్రాయదలచియుంటిమి. అందులకు కారణము మా యింటిలోనే జరిగినది. దానిని చివర చెప్పుకొందుము.

ఇప్పుడు మన యిండ్లలో ఈ పదము వినబడని గడియ లేదు. పిల్లవాడు నీళ్ల గ్లాసు జారవిడిచిన సారీ. బస్సులో ఒకరి కాలు త్రొక్కిన సారీ. పులుసులో ఉప్పెక్కువైన సారీ. ఫోనులో తప్పు నంబరు తగిలిన సారీ. మా అత్తగారికి చెవి కొంచెము మందముగా నుండెడిది. మనుమరాలు సారీ యన్నప్పుడెల్ల "ఎవరికే సారె? ఏ పిల్లను కాపురమునకు పంపుచున్నారు?" అని ఆమె యడుగుటయు, మేమందరము నవ్వుటయు జరుగుచుండెడిది. ఆమె యిప్పుడు లేరు. సారీలు మాత్రము పెరిగినవి.

ఈ పదము పుట్టుక ముందు చూతము. ఇంగ్లీషున 'సోర్' అను మాట కలదు. పుండు, సలుపు, ముట్టుకొన్నచో కలుగు బాధ, ఇవి దాని యర్థములు. ప్రాచీనాంగ్లమున 'సార్' అనగా నొప్పి. 'సారిగ్' అనగా నొప్పితో కూడినది. ఆ సారిగ్ అరిగి అరిగి నేటి సారీ యైనది. దుఃఖమను నర్థముగల 'సారో' అను మాట వేరొకటి యున్నది. రెంటిని ప్రక్కప్రక్కన నిలిపినచో కవలలే యనిపించును గాని, అవి యొక తల్లి బిడ్డలు కావు. చిరకాలము ఇరుగుపొరుగున నుండుటచే ఒకదాని పోలిక మరియొకదానికి వచ్చినది. కావున 'ఐ యామ్ సారీ' యను వాక్యమునకు మొదటి యర్థము 'నాకు నొప్పిగా నున్నది' యని మాత్రమే. ఆ నొప్పికి కారకులెవరు, తప్పెవరిది యను సంగతిని ఆ పదము తనంతట చెప్పదు. ఇది యొక్కటి మనసున నుంచుకొన్నచో తక్కిన ప్రయోగములన్నియు సుబోధములగును.

అమెరికాలో కాపురముండు నొక సోదరి మాకొక లేఖ వ్రాసిరి. స్వదేశమున వారి తండ్రిగారు గతించిన వార్త వచ్చిన మరునాడు, ఎదురింటి దొరసాని వచ్చి చేయి పట్టుకొని 'ఐ యామ్ సారీ' యనెనట. ఈమెకు దుఃఖములో ఏమియు తోచక, 'ఈమె చేసిన తప్పేమున్నది?' అని తలచి, 'ఇట్స్ ఓకే' యని బదులు చెప్పిరట. తరువాత తన మాట తనకే యెబ్బెట్టుగా తోచినదని వ్రాసిరి. ఇందు సిగ్గుపడవలసినది లేదు. ఆ దొరసాని క్షమాపణ కోరలేదు. 'నీ నొప్పి నాకును నొప్పియే' యని పరామర్శించెను. అట్టి సమయమున 'థాంక్యూ' యన్న చాలును. మన దేశమున పరామర్శకు పోయినవారు మాటాడకయే కూర్చుందురు. వారికి మాట కావలెను. వారి మర్యాద యది.

వినబడనప్పుడు చివర స్వరము పైకెత్తి 'సారీ?' యన్నచో 'మరల చెప్పుడు' అని యర్థము. 'ఐ యామ్ సారీ, బట్' అని మొదలిడినచో పని కాదని చెప్పబోవుచున్నారని తెలియవలెను. 'ఎ సారీ స్టేట్' అన్నచో దీనస్థితి. ఇంగ్లండు దేశస్థులకు ఈ పదముపై గల మక్కువను కేట్ ఫాక్స్ అను మానవశాస్త్రజ్ఞురాలు తమాషాగా పరీక్షించెను. ఆమె వీధులలో కావలెనని తానే పోయి పరులను ఢీకొనగా, ఢీ తిన్నవారిలో వందకు సుమారు 80 మంది తామే సారీ చెప్పిరని 2004లో అచ్చయిన తన గ్రంథమున వ్రాసినది. తగిలించుకొన్నవాడే సారీ చెప్పు దేశమున, ఆ పదమునకు తప్పుతో సంబంధమెంత తక్కువయో చూడుడు.

మనవారు దీనికి మరియొక మార్పు చేసిరి. ఇంగ్లీషున ఇది విశేషణము. మనము దానిని నామవాచకము చేసి 'సారీ చెప్పు', 'వాడి సారీ నాకక్కరలేదు' అని వాడుకొనుచున్నాము. మా వారు పాఠశాలలో ఇంగ్లీషు బోధించువారగుటచే దీనికి నుదురు ముడుచుకొందురు. మాకు మాత్రమిది తప్పుగా తోచదు. మన గడప దాటి లోనికి వచ్చిన పదము మన యింటి యాచారమును పాటింపవలసినదే కదా!

ఇక పర్యాయపదములు. పర్యాయపదములన్నంత మాత్రమున ఒకదానిచోట మరియొకటి యొదుగునని తలపరాదు. అమరము వల్లెవేసిన వారందరకు ఈ సంగతి తెలిసినదే.

'ఎక్స్‌క్యూజ్' అనునది లాటిను భాషలో 'కాజా' యను పదము నుండి వచ్చినది. కాజా యనగా కారణము, అభియోగము. అభియోగమునుండి బయటపడవేయుట ఎక్స్‌క్యూజ్. అందుచేతనే యిది చిన్న చిన్న విషయములకు, చాలవరకు పనికి ముందు వాడబడును. దారి తొలగుడని యడుగుటకు ముందు ఎక్స్‌క్యూజ్ మీ. కాలు త్రొక్కిన తరువాత సారీ. ఇంగ్లండు వాడుక యిది. అమెరికావారు తరువాత కూడ ఎక్స్‌క్యూజ్ మీ యందురు. పలుకుటలో నొక మెలకువ కలదు. క్రియయైనచో చివర జకారము, నామమైనచో సకారము. ఆ సకారాంతమైన 'ఎక్స్‌క్యూస్' అనగా మన సాకు.

'పార్డన్' పెద్దపదము. 'సంపూర్ణముగా ఇచ్చివేయుట' యని దాని మూలార్థము. 'ఫర్‌గివ్'లో 'గివ్' కనబడుచునే యున్నది. దండింప నధికారముండియు దండింపక విడిచిపెట్టుట పార్డన్. మన రాజ్యాంగము 72వ అధికరణమున రాష్ట్రపతికి నిచ్చిన అధికారము పేరిదియే. వినబడలేదని చెప్పుటకు గూడ దీనిని వాడుట చూచినచో, చీమను చంపుటకు గద నెత్తినట్లుండును. కాని వాడుక బలీయము.

'అపాలజీ' చరిత్ర మిక్కిలి చిత్రమైనది. గ్రీకు భాషలో 'అపొలోగియా' యనగా న్యాయస్థానమున తన పక్షమున చెప్పుకొను సమాధానము. క్రీ.పూ. 399లో ఏథెన్సు నగరమున సోక్రటీసుపై విచారణ జరిగినపుడు ఆయన చెప్పిన సమాధానమును ప్లేటో గ్రంథముగా వ్రాసెను. దానికి అపాలజీ యనియే పేరు. అందు సోక్రటీసు తప్పొప్పుకొనలేదు, ప్రాణభిక్ష యడుగలేదు. తాను చేసినది సరియే యని వాదించి మరణశిక్ష పొందెను. ఆ పదమే కాలక్రమమున తలక్రిందులై 'తప్పు నాదే' యని యొప్పుకొనుట యైనది. నేడు ఇంగ్లీషున తప్పును తనపై వేసుకొను పదము ఇదియే. కావుననే పాఠశాలకో, కార్యాలయమునకో వ్రాయు లేఖలలో సారీ కంటె 'ఐ అపాలజైజ్ ఫర్' అని, చేసిన పనిని ఎదుట పెట్టి వ్రాయుట మర్యాద.

'రిగ్రెట్' ప్రాచీన ఫ్రెంచిలో మృతులకై యేడ్చుట. నేడది దూరముగా నిలిచి విచారించుట. రైల్వే స్టేషనులో బండి ఆలస్యమైనపుడు వినబడు ప్రకటనలో 'చింతిస్తున్నాము' అను మాటకు మూలమిదియే. ఆ ప్రకటన వినుచు నాలుగు గంటలు బిడ్డలతో బల్లపై కూర్చున్నవారికి అందు చింతించువారెవరో యెన్నడు తెలియదు. 'రిమోర్స్' అనగా మరల కొరుకుట. చేసిన పని మనస్సును లోలోపల మరల మరల కొరుకును. 1340లో కాంటర్‌బరీ నగరమున నొక సన్యాసి తన గ్రంథమునకు పేరు పెట్టుచు, ఈ లాటిను పదమును అచ్చ యింగ్లీషులోనికి 'మరల కొరుకుట' యనియే మార్చుకొనెను. మన 'పశ్చాత్తాపము'న కాటు లేదు, కాల్పు కలదు. పని యైన పిమ్మట కలుగు తాపము కదా అది.

మన పదములకు వచ్చితిమి గనుక ఒక్క మాట. 'క్షమ' యనగా ఓర్పు. అమరసింహుడు నానార్థవర్గమున క్షమాశబ్దమునకు భూమి యనియు, ఓర్పు అనియు రెండర్థములు చెప్పెను. ఇంగ్లీషువాని దృష్టిలో మన్నించువాడు ఒకదానిని ఇచ్చుచున్నాడు. మన దృష్టిలో భూమివలె మోయుచున్నాడు. 'క్షమింపుడు' అని మనము తేలికగా అందుము గాని, 'నేను చేసిన దానిని నీవు మోయుము' అని యడుగుచున్నామను తలపు మనకుండదు. 'మన్నించు'టకు క్షమించుట, గౌరవించుట అను రెండర్థములున్నవి. ఎవరిని మన్నింపుమని వేడుచున్నామో వారికి ముందు మనము మన్నన చూపవలెనను సూచన యిందు గలదని మా యూహ. పండితులు కాదన్నచో వాదింపము. కాలు తగిలినపుడు మాటతో పని లేకయే చేతితో తాకి కన్నుల కద్దుకొనుట మన పెద్దల పద్ధతి. సారీ వచ్చి దానిని తరిమివేయుచుండుట మాకు కష్టముగా నున్నది.

సారీకిని రిగ్రెట్‌కును భేదమెంతని యడుగుదురేమో. ఒక దేశము ఆ భేదముకై పది యేండ్లు పోరాడినది. ఆస్ట్రేలియాలో ఆదిమవాసుల బిడ్డలను తల్లులనుండి ప్రభుత్వమువారు వేరుచేసి కొనిపోవుట 20వ శతాబ్దమున దశాబ్దముల తరబడి సాగెను. 1997లో దానిపై విచారణ నివేదిక వెలువడెను. అప్పటి ప్రధాని జాన్ హోవార్డ్ 1999లో పార్లమెంటున రిగ్రెట్ అను పదముతో తీర్మానము ప్రవేశపెట్టిరి. ప్రభుత్వము తరపున సారీ చెప్పుటకు మాత్రము సమ్మతింపరైరి. 2000 మే 28న సిడ్నీ వంతెనపై రెండు లక్షలకు మించిన జనులు నడచుచుండగా, విమానమొకటి ఆకాశమున పొగతో 'సారీ' యని వ్రాసెను. తుదకు 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటున ఆ పదమును పలికిరి. వినవచ్చిన వృద్ధ స్త్రీలలో కన్నీరు పెట్టనివారు తక్కువ. బిడ్డలను కోల్పోయిన తల్లులకు, తల్లులను కోల్పోయిన బిడ్డలకు ఆ రెండక్షరముల మాట కావలసి వచ్చెను.

మనకును ఇట్టి బాకీ యొకటి యున్నది. 1919 ఏప్రిల్ 13న అమృతసరమున జలియన్‌వాలా బాగులో జరిగిన కాల్పులలో 379 మంది చనిపోయిరని నాటి ప్రభుత్వపు లెక్క. మనవారి లెక్క అంతకు చాల హెచ్చు. 2013లో అచ్చటికి వచ్చిన బ్రిటిష్ ప్రధాని డేవిడ్ కామెరాన్ అది సిగ్గుచేటైన ఘటన యని పుస్తకమున వ్రాసిరి. నూరేండ్లు నిండిన 2019 ఏప్రిలున ప్రధాని థెరీసా మే తమ పార్లమెంటున రిగ్రెట్ అను పదమును వాడిరి. అపాలజీ యను పదమును ఇద్దరును వాడలేదు. ఆ యేడు సెప్టెంబరున కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు జస్టిన్ వెల్బీ అచ్చటికి వచ్చి, తాము ప్రభుత్వము తరపున మాటాడజాలమని చెప్పి, నేలపై సాష్టాంగపడిరి. ఏ పదమును వాడవలెనో ఏ పదమును వాడరాదో రాజ్యములేలువారు త్రాసులో తూచినట్లు తూచుకొందురు. ఇంటిలో మనము మాత్రము పదముల బరువు చూడకయే విసరివేయుచుందుము.

ఇందు మరియొక మోసము గలదు. 'నీవు నొచ్చుకొన్నచో సారీ' యనుట నేడు సభలలోను ఇండ్లలోను మిక్కిలి వాడుకలో నున్నది. దానిని విప్పి చూచినచో నొచ్చుకొనుట నీ తప్పు అని యర్థము వచ్చును. మన తెలుగున 'తప్పు జరిగిపోయినది' యనుటయు నిట్టిదే. జరిగినది సరే, చేసినదెవరు? 'తప్పు చేసితిని' యనుటకు నాలుక మడత పడదు.

భగవద్గీత పదునొకండవ అధ్యాయమున విశ్వరూపమును చూచిన యర్జునుడు శ్రీకృష్ణుని క్షమ కోరిన తీరును చదివినవా రెరుగుదురు. 'ఏమైన తప్పున్నచో మన్నింపుము' అని ఆతడు దాటవేయలేదు. పేరు పెట్టి పిలిచినది, చెలికాడని చనువుచేసినది, ఆటలోను, పడకలోను, కూర్చున్నపుడు, భోజనమునందు, ఒంటరిగా నున్నపుడు, నలుగురిలోను పరిహాసము చేసినది, అన్నియు వరుసగా చెప్పుకొని మరీ వేడుకొనెను. మా నాయనగారు మాకీ యధ్యాయమును చెప్పునపుడు మేము పదేండ్లవారము. వల్లెవేసితిమి గాని, ఆ 'నలుగురిలోను' అనుటకు గల బరువు మొన్నటి శ్రావణము వరకు తెలియలేదు.

ఇక మా యింటి సంగతి. వరలక్ష్మీ వ్రతమునాడు మా వ్రేలి యుంగరము కనబడలేదు. పేరంటాండ్రు అయిదారుగురు వచ్చి కూర్చుండియుండిరి. పండ్రెండేండ్లుగా మా యింట పనిచేయు నామె పెరటిలో గిన్నెలు తోముచుండగా ఆమెను పిలిచి, వారందరి యెదుట "ఉంగరమేమైన చూచితివా?" యని యడిగితిమి. మాట యంతియే. కాని యడిగిన స్వరము వేరు. ఆమె మా మొగమువంక చూచి, చేతులు తుడుచుకొని, రొంటిని గల కొంగుముడి విప్పి దులిపెను. ఒక తమలపాకు, ఒక వక్కముక్క, పది రూపాయల నోటు క్రింద పడినవి. తిరిగి కట్టుకొని గిన్నెలకడకు పోయెను.

ఆమె పని మానలేదు. మరునాడు వచ్చెను. పని ముగించి పోవునపుడు వాకిట మా యెదుట నిలిచి, మేమేమియు అడుగకయే కొంగు విప్పి దులిపి పోయెను. ఆ మరునాడును అంతే. పదునొకండు దినములు ఇట్లే సాగినది. వద్దని చెప్పుటకు మాకు నోరు రాలేదు. మనసులో అనుమానము ఇంకను ఉండెననుట నిజము.

కలశము క్రింద పోసిన బియ్యమును మూటగట్టి పై అరలో పెట్టి, మరునాడే వండవలసిన దానిని మేము మరచితిమి. పదునొకండవ దినమున మూట విప్పగా ఉంగరము బియ్యములో నున్నది. బియ్యము పోయునపుడు మేమే తీసి ప్రక్కన పెట్టితిమన్నమాట. వెంటనే పెరటి గుమ్మముకడకు పోయి "ఉంగరము దొరకినదే, సారీ" యంటిమి. అక్కడ మేమిద్దరమే యుంటిమి. ఆమె తలయెత్తక, "ఆ మాట పిల్లలు గ్లాసు పడేసినా అంటారు కదమ్మా" అనెను.

ఆ సాయంకాలమే మేము నిఘంటువులు ముందు వేసుకొని కూర్చుంటిమి. సోదరీమణులు ఇంతవరకు చదివినదంతయు ఆ పఠనఫలమే. మా వారు విషయమంతయు విని, "పుస్తకములు మూసి శుక్రవారమునకు పేరంటము పిలువుము" అని మాత్రము చెప్పిరి.

నాలుగవ శుక్రవారమున ఆ పేరంటాండ్రనే మరల పిలిచితిమి. తాంబూలములిచ్చుటకు ముందు ఆమెను లోనికి రమ్మని పిలిచి, "ఉంగరమును మేమే బియ్యములో పడవేసితిమి. దొంగతనము నీపై పెట్టి అందరి యెదుట అడిగితిమి. దొరకువరకు నిన్ను శంకించితిమి. అది మేము చేసిన తప్పు" అని చెప్పితిమి. గొంతు సరిగా పలుకలేదు. పేరంటాండ్రలో నొకామె చీర యంచు సవరించుకొనెను. మరియొకామె గోడవైపు చూచెను. ఇట్టి మాట వినుటకును అలవాటు కావలెను కాబోలు. పనియామె కొంతసేపు నిలుచుండి, "సరేనమ్మా, పొయ్యిమీద పాలు పొంగుతున్నాయి" అని లోపలికి పోయెను. ఆమెకు గూడ తాంబూలమును, పసుపుకుంకుమలను ఇచ్చితిమి, పుచ్చుకొనెను. క్షమించితినని చెప్పలేదు. చెప్పుమని మేమడుగుట న్యాయమును కాదు.

నాటి సాయంకాలము పని ముగించుకొని వాకిటికి వచ్చినపుడు ఆమె చేయి అలవాటుచొప్పున రొంటిమీదికి పోయినది. ముడిని విప్పలేదు. తమలపాకు ఒకటి తీసి నోట వేసుకొని, "రేపు కొంచెం ఆలస్యంగా వస్తానమ్మా" యని చెప్పి పోయెను.

వచ్చు మాసమున 'ప్లీజ్' అను పదమును గూర్చి వ్రాసెదము. ఈ పదము మీ యిండ్లలో నెట్లు వాడబడుచున్నదో తెలిసిన సోదరీమణులు ముందుగా వ్రాసి పంపగోరెదము.